ఆమెన్ అన్నాను

ఆదివారం, రాత్రి

మైపాడు చర్చిలో ఇవాళ నేను చేసిన పని తలుచుకుంటే ముద్ద దిగలేదు.

రూతమ్మత్త పాడింది. చనిపోయిన మామ కట్టిన పాట అది. ఆ పాట మొత్తం ఇప్పుడు ఆమె ఒక్కదానికే వచ్చు. దగ్గు ఆపుకుంటూ, నడుమ నీళ్లు తాగుతూ చివరి చరణం దాకా పాడింది. నేను నా లైనక్స్ ల్యాప్‌టాప్‌లో రికార్డు చేసినాను. సేవ్ నొక్కగానే తెర బిగుసుకుపోయింది. ప్రోగ్రాం పలకడం లేదు, ఆగుతారా, బలవంతంగా మూసేస్తారా అని అడిగింది.

"కాసేపు చూద్దామక్కా" అన్నది సువార్త, మా పాటల బృందం నడిపే అమ్మాయి.

"ఇట్టాంటివి నాకు తెలుసులే" అని టెర్మినల్ తెరిచి, ప్రోగ్రాంని బలవంతంగా ఆపేసే కిల్ కమాండ్ కొట్టినాను. అందరూ చూస్తున్నారని కొంచెం గర్వం కూడా. తీరా చూస్తే, సగంలో తెగిపోయిన ఫైలు. ఎంత చేసినా తెరుచుకోలేదు. పాపం అది సేవ్ చేసుకుంటానే ఉండిందేమో. ఆగలేకపోయింది నేనే.

"సిస్టమ్ పాడైనట్టుంది అత్తా" అనేసినాను. అంత తేలిగ్గా ఎట్టా వచ్చిందో ఆ మాట...

"దానికీ నా మాదిరే ఆయాసం వచ్చిందేమోలేమ్మా. గొంతు తేరుకున్నాక మళ్లా పాడతాలే" అన్నది. ఆ దగ్గు తగ్గేదేనా? నెలనెలా ఎక్కువవుతా ఉంది.

అంతటితో ఊరుకుందా? అందరినీ తలలు వంచమని, ల్యాప్‌టాప్ మీద చెయ్యి పెట్టి, దగ్గుతూనే ప్రార్థన చేసింది. "ప్రభువా, మా పాప కంప్యూటర్‌కి స్వస్థత దయచేయి."

అందరితో పాటు నేనూ ఆమెన్ అన్నాను. గట్టిగానే.