వదలకూడదన్నావు నాయనా

నాయనా,

నువ్విది చదవవని తెలుసు. అయినా నీకు చెప్పకుండా ఉండలేను. చైనా యుద్ధం తర్వాత నెల్లూరులో ఆడవాళ్లకూ హోంగార్డు శిక్షణ మొదలైంది, నేనూ చేరాను. ఈరోజు నా చేతికి పిస్తోలు ఇచ్చారు!

పిస్తోలు పైన స్లైడు ఉంటుంది. దాన్ని వెనక్కి లాగి వదిలితే, లోపలి స్ప్రింగు ముందుకు తోసి తూటాను గొట్టంలోకి ఎక్కిస్తుంది. తక్కినవాళ్లు వేళ్లతో లాగలేక అలిసిపోయారు. నేను మన మైపాడు సముద్రపొడ్డున వల లాగినట్టే గుండెకు దగ్గరగా పెట్టుకుని, కుడిచేత్తో పిస్తోలును ముందుకు తోస్తూ ఎడమచేత్తో స్లైడును లాగాను. మొదటిసారికే వచ్చేసింది!

కానీ ఉత్తుత్తి తూటా సగంలోనే ఇరుక్కుంది. మళ్లీ లాగినా అంతే. స్ప్రింగు బలం తగ్గిందేమోనని మాకు నేర్పే హవల్దారు గారు గట్టిది వేశారు. అయినా అంతే. అప్పుడాయన, స్లైడును వదలకుండా దాంతోపాటే ముందుకు పోతున్న నా చెయ్యి చూశారు.

"ఏందమ్మా, దాన్ని మెల్లగా సాగనంపతా ఉండావు? వదిలెయ్! స్ప్రింగు పని స్ప్రింగును చేసుకోనీ."

"వల తాడు ఒక్కసారిగా వదిలితే చెయ్యి కోసుకుపోతాదని మా నాయన చెప్పినాడు సార్."

"ఇది తాడు గాదమ్మా."

వదిలాను. ఠక్‌మని మూసుకుంది! మైదానమంతా నావైపు తిరిగి చూసింది.

ఇంటికొచ్చి అట్లకాడ పట్టుకుని అమ్మకు అంతా చేసి చూపించాను. పగలబడి నవ్వింది. సముద్రంలో మునిగిపోయిన నిన్ను ఒడ్డుకు తెచ్చిన రోజు, బిగుసుకుపోయిన నీ పిడికిట్లోంచి వల తాడు విడిపించింది అమ్మే కదా. కాసేపటికి మెల్లగా అనింది:

"ఆ సారు మీ నాయనకు గూడా ఆ మాట చెప్పుంటే బాగుండు."