రెండో రిమోట్

జనగామ,
ఆదివారం

సుమిత్రక్కా,

ఫోన్లో నీ గొంతు వింటే ఏడుపొస్తుందని ఉత్తరం రాస్తున్నాను.

బావగారూ మా ఆయనా వేరుపడ్డప్పుడు టీవీకి తగిలించి ఆడే ఆటల డబ్బా మా వంతుకు వచ్చింది కదా. చేత పట్టుకొని ఊపే రిమోట్లు రెండింటిలో ఒకటి మీ సామానుతో భూపాలపల్లి చేరిందట. బస్సు పార్సిల్‌లో పంపిస్తానని బావగారు గుమాస్తాతో కబురు పెట్టారు.

షుగరుకు నడవమని డాక్టరు చెబితే, బజార్లో నడవడానికి సిగ్గుపడి, మనిద్దరం తలుపేసుకొని మా అమ్మాయి దీప ఆడుకునే ఆ ఆటలు మొదలుపెట్టాం. డాన్సు పెడితే టీవీలో బొమ్మలు ఒకటి చేసేవి, మనం బతుకమ్మలాగా వంగి, చప్పట్లు కొట్టి, పక్కకు జరిగేవాళ్ళం. "గీ బొమ్మకు బతుకమ్మ ఆడుడే రాదు చెల్లే!" అని నువ్వు నవ్వలేక కూలబడేదానివి.

ఇప్పుడు ఒక్కదాన్నే ఆడుతున్నాను. అలవాటుకొద్దీ నీకు చోటు వదిలే నిలబడుతున్నాను. తెర మీద నీ పేరున్న బొమ్మ చేతులు వేలాడేసుకొని ఎదురుచూస్తుంటుంది. దాన్ని ఎలా తీసెయ్యాలో దీప రెండుసార్లు చూపించింది. నాకు చేతకావడం లేదని చెప్పాను.

అన్నదమ్ములు ఎప్పుడు మాట్లాడుకుంటారో మనకు తెలియదు. కానీ పంపకాల్లో పొరపాటున పోయిన వస్తువు తిరిగివ్వడానికి వస్తే ఎవరూ వద్దనలేరు. పార్సిల్‌లో వేస్తే పగులుతుందని బావగారితో చెప్పు.

నువ్వే పట్టుకొని రా.

నీ యారాలు