గ్లాసులో బ్రష్‌లు

మార్చి 4, మంగళవారం

మళ్లీ ఊడింది. ఈసారి పౌడర్ బ్రష్. హెడ్‌లైన్స్ చదివే మేడమ్ బుగ్గకి వెంట్రుక అతుక్కుపోయింది. కెమెరా ముందుకి వెళ్లేలోపే చూసి గోటితో తీసేశాను. ఆవిడ కళ్లు తెరవకుండానే, కొత్తవి కొనుక్కో తల్లీ, నా మొహం మీద చీపురు ఆడిస్తున్నావు అంది. ఇవి కొత్తవే అని చెప్పలేదు. కొని నెల కూడా కాలేదు.

టీవీ స్టూడియోలో తెల్లవారుజాము బులెటిన్‌కి మేకప్ వేసే మనిషి మధ్యాహ్నానికి మనిషి కాదు. ఇంటికొచ్చి చెప్పులు విడిచిన చోటే కూలబడ్డాను. అత్తయ్య నా చేతిలోంచి పౌచ్ తీసుకుని, నువ్వెళ్లి పడుకో, బ్రష్‌లు నేను కడుగుతాగా అంది. రోజూ అంటుంది, రోజూ కడుగుతుంది. లేచేసరికి ఆరిపోయి, మళ్లీ పౌచ్‌లో సర్ది ఉంటాయి. ఈ ఇంట్లో నేను అడక్కుండా జరిగే పని అదొక్కటే. మా ఆయన టూరిస్టు బస్సు నడుపుతాడు. ఇంట్లో ఉన్న రోజుల్లో కూడా ఆయనకి ఈ ఇల్లు బస్‌స్టాండే.

మార్చి 7, శుక్రవారం

షాపాయనతో గొడవ. మీ దగ్గర కొన్నవి జుట్టు రాలుస్తున్నాయండీ అంటే, రాలనిది ఎవరికమ్మా అని తన బట్టతల నిమురుకున్నాడు. నవ్వొచ్చింది. ఆపుకున్నాను.

బంగారు రంగు పిడులు, ముఖమల్ పౌచ్, బోలెడన్ని బ్రష్‌లున్న సెట్ తీసి ముందు పెట్టాడు. వద్దన్నాను. పౌడర్‌కొకటి, ఫౌండేషన్‌కి ఒత్తుగా ఉండేదొకటి, బ్లష్‌కొకటి, కళ్లకి రెండు. మిగతావన్నీ సెట్‌లో జనాభా పెంచడానికే. విడివిడిగా తీయించి కూర్చుని చూశాను. చేతి వెనక అద్ది తిప్పాను. గుచ్చుకున్నవి పక్కన పెట్టాను. కుచ్చు పట్టుకుని మెల్లగా లాగాను. పిడికీ జుట్టుకీ మధ్య రేకు పట్టీ ఉంటుంది కదా, దాన్ని పట్టుకుని ఊపాను. అది కదిలిందంటే లోపల జిగురు సరిగా లేదని అర్థం. అన్నీ సింథటిక్‌వే తీసుకున్నాను. మేడమ్ చర్మానికి అవే పడతాయి, నా పర్సుకి కూడా అవే పడతాయి. వాటి మీద కంపెనీ పేరు లేదు. లేకపోతే ఏం, బులెటిన్ చివర నా పేరు మాత్రం వేస్తున్నారా.

ఇంత పరీక్ష పెళ్లికొడుక్కి కూడా పెట్టరమ్మా అన్నాడు షాపాయన. పెట్టాల్సింది.

మార్చి 9, ఆదివారం

సెలవు. పడుకున్నాను. లేచాను. మళ్లీ పడుకున్నాను.

మార్చి 19, బుధవారం

లైవ్‌లో ఊడింది. మేడమ్ పై పెదవి మీద, క్లోజప్‌లో. ఆవిడ వరదల వార్త చదువుతోంది, నేను గాజు గోడకి ఇవతల నిలబడి ఆ వెంట్రుకనే చూస్తున్నాను. బులెటిన్ అయ్యేలోపే ఆ ఫోటో అందరి ఫోన్లలోకీ వచ్చేసింది. న్యూస్ రీడర్‌కి మీసం మొలిచిందట.

ప్రొడ్యూసర్ పిలిచాడు. అరవలేదు. అందుకే భయమేసింది. ఇంకొక్కసారి ఇలా జరిగితే ఆ కుర్చీ దగ్గర వేరే మనిషి ఉంటుంది అన్నాడు. మేడమ్ పక్కనే ఫోన్ చూసుకుంటూ కూర్చుంది, నా తరఫున ఒక్క మాట అనలేదు. ఆవిడ చెంప మీది మచ్చని ఇన్నేళ్లుగా లోకానికి తెలియకుండా దాచింది నేను. ఒళ్లు మండింది. కాసేపటికి అది కూడా చల్లారింది. మండడానికైనా ఓపిక ఉండాలి.

ఇది పోతే నాకు ఇంకో చోట దొరకదు. పార్లర్లలో నా వయసు వాళ్లని లోపలికి కూడా రానివ్వరు.

బ్రష్ తీసి ఊపి చూశాను. రేకు పట్టీ వదులైపోయింది. కొన్నప్పుడు గట్టిగానే ఉంది. నేనే కదా చూసింది!

మార్చి 20, గురువారం, మధ్యాహ్నం

నిద్ర పట్టలేదు. వంటింట్లో కుతకుతమని చప్పుడు. లేచి వెళ్లి గుమ్మంలోనే ఆగిపోయాను.

స్టవ్ మీద గిన్నెలో నీళ్లు మరుగుతున్నాయి. అందులో నా బ్రష్‌లు. అత్తయ్య పట్టకారుతో ఒక్కొక్కటీ తీసి, విదిలించి, కిటికీలో ఉన్న గ్లాసులో నిలబెడుతోంది. జుట్టు పైకి. నీళ్లన్నీ జుట్టులోంచి రేకు పట్టీలోకి దిగుతున్నాయి. జిగురు ఉడికి మెత్తబడ్డాక, నిలవ నీళ్లలో నానితే, ఇంక ఏ బ్రష్ నిలుస్తుంది? గోరువెచ్చని నీళ్లు, పడుకోబెట్టి ఆరబెట్టడం, మా పనిలో మొట్టమొదట నేర్పేది ఇదే. పాపం షాపాయన.

అత్తయ్య ఆసుపత్రిలో ఆపరేషన్ సామాను కడిగే పని చేసి రిటైరైంది. ఒకరి ఒంటికి తగిలింది ఇంకొకరికి తగలాలంటే మధ్యలో మరగాల్సిందే అంటుంది. రిటైరయ్యాక చేతులు ఒళ్లో పెట్టుకుని ఆ కిటికీ దగ్గరే కూర్చునేది. పలకరిస్తే ఉలిక్కిపడేది. ఇప్పుడు కూనిరాగం తీస్తోంది.

నన్ను చూసి, అప్పుడే లేచావేం, ఇంకా ఆరలేదు, పో పడుకో అంది. మీవల్ల నా ఉద్యోగం పోయేలా ఉంది అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. సరే అత్తయ్యా అన్నాను. దుప్పటి ముసుగేసుకుని ఏడ్చాను. ఆవిడ మీద కోపమో, జాలో, నా మీదేనో తెలియలేదు.

మార్చి 22, శనివారం

మళ్లీ షాపు. మళ్లీ అవే ఐదు. షాపాయనకి సారీ చెప్దామనుకుని చెప్పలేకపోయాను. బేరం మాత్రం ఆడలేదు.

పాత సెట్ అత్తయ్యకి, కొత్తది మేడమ్‌కి. కొత్తవి స్టూడియోలోనే కడుగుతాను. అక్కడ వదిలేస్తే కాళ్లొస్తాయి కాబట్టి ఇంటికి తెచ్చి, బీరువా మీద టవల్ పరిచి, జుట్టు అంచు దాటి బయటికుండేలా పడుకోబెడతాను.

మార్చి 27, గురువారం

కొత్త డ్యూటీ ఒకటి పడింది. ఇంటికొచ్చే ముందు బస్టాప్‌లో కూర్చుని, శుభ్రంగా ఉన్న పాత బ్రష్‌లకి పౌడరూ ఫౌండేషనూ పూసి మురికి చేస్తాను. లేకపోతే అత్తయ్య ఏం కడుగుతుంది? ఇవాళ పక్కనున్న పెద్దాయన కాసేపు చూసి అవతలికి జరిగి కూర్చున్నాడు.

కొత్తవాటికి ఒక్క వెంట్రుక ఊడలేదు. ప్రొడ్యూసర్ గుడ్ మార్నింగ్ చెప్పాడు.

పాత బ్లష్ బ్రష్‌కి దాదాపు గుండు అయిపోయింది. దీంతో ఎలా పూస్తున్నావే అంది అత్తయ్య. పూస్తున్నా లెండి అన్నాను. నా మొహంలోకి చాలాసేపు చూసింది.

ఏప్రిల్ 1, మంగళవారం

స్పెషల్ బులెటిన్లు. పొద్దుటి నుంచి కుర్చీలో మొహం తర్వాత మొహం. బస్సులో నిలబడే నిద్రపోయాను. పాతవి మురికి చేయడం మర్చిపోయి, నిన్న ఆవిడ సర్దినవి సర్దినట్టే చేతిలో పెట్టేశాను. కొత్తవి కడగనే లేదు, బ్యాగులో ఉండిపోయాయి.

పడుకున్నాక అత్తయ్య వచ్చి మంచం అంచు మీద కూర్చుంది. స్టూడియోలో వీటిని ఎలా కడుగుతారే అని అడిగింది. ఏదో చెప్పాను. ఏం చెప్పానో, ఎంత చెప్పానో గుర్తులేదు. కళ్లు మూతలు పడిపోతున్నాయి. నా తల నిమిరినట్టు మాత్రం గుర్తుంది.

అదే రోజు, సాయంత్రం

వంటింట్లో గ్లాసు బోర్లించి ఉంది. కిటికీ గట్టు మీద టవల్. దాని మీద నా కొత్త బ్రష్‌లు వరసగా పడుకుని ఉన్నాయి, జుట్టు అంచు దాటి బయటికి. పక్కన కుర్చీలో అత్తయ్య కాపలా.

నేను నోరు తెరవబోతే పెదవుల మీద వేలు పెట్టి, ఇంకా ఆరలేదు, పో పడుకో అంది.

వెళ్లి పడుకున్నాను.