మావకిచ్చిన ఆడోళ్ల మాత్రలు

బుధవారం, 1983 మే

మనవరాలా, నాను సెప్పింది సెప్పినట్టు రాయి. ఒక్క ముక్క మింగావంటే ఊరుకోను.

మీ తాత పోర్టులో కళాసీగా సేసినోడు. ఎండాకాలం ఒంటి మీద గుడ్డ ఉంచుకునేవోడు కాదు. మూత్రం సంచి కింద గ్రంథికి కేన్సరని మాత్రలు మొదలెట్టారు. అప్పట్నించి బనీను విప్పడం లేదు. వీపు రుద్దుతానంటే తలుపు గడియేసుకుంటన్నాడు. ఉన్నట్టుండి సెమటలు. నిన్న సేపముల్లు గుచ్చుకుందని పసోడిలా ఏడిసాడు.

నాకనుమానమొచ్చి మందుల షాపువోడికి మాత్రలు సూపించాను.

"బిడ్డ పోయిన బాలింతలకి పాలు ఇంకిపోడానికి ఇస్తారు మామ్మా" అన్నాడు.

మగోడికి ఆడోళ్ల మందా! ఇయాళ సీతమ్మధార ఎల్లి డాట్రుబాబుని నిలదీసాను.

"పొరపాటు కాదమ్మా. మగ హార్మోన్ అణిగితేనే ఆ కేన్సర్ అణుగుతుంది. రొమ్ములు ఉబ్బుతాయని, ఏడుపొస్తుందని ఆయనకి ముందే చెప్పాను. మీకు చెప్పొద్దన్నాడు."

ఇంటికొచ్చి మీ తాతని అడిగాను.

"ఏటే, నాకు రొమ్ములొచ్చాయని ఈదంతా సాటింపెయ్యమంటావా?" అన్నాడు, గోడకేసి తిరిగి.

"నాకు సెప్తే ఈదంతా సెప్పినట్టేటి మావా?"

బనీను కిందికి లాక్కున్నాడు.

కేన్సరుతో వచ్చిన నడుం నొప్పి ఈ మాత్రలకి తగ్గిన మాట నిజమే, రాత్రుళ్లు నిద్రపోతన్నాడు. మందు మీద నాకింక అనుమానం లేదు. ఈ మనిషి మీదే. నాకు సెప్పొద్దని ఇంకా ఏటేటి అన్నాడో? ఎన్నాళ్లు బతుకుతాడు బాబూ అని డాట్రుని అక్కడే అడిగాను. "మందు మాత్రం మానెయ్యకండమ్మా" అన్నాడు గానీ, అడిగినదానికి జవాబు సెప్పలేదు...