జీడి తొక్క నూనె దిమ్మ

పలాస, 2004 మే, బుధవారం

తమ్ముడి కూతురు లక్ష్మి విశాఖ కాలేజీలో జీడిపిక్కల తొక్క నూనెతో వేడిని ఆపే గట్టి ఫోమ్ దిమ్మ చేసి తెచ్చింది. ఇదివరకు చేసినవన్నీ వేడికి కుంగిపోయాయట. ఇదీ కుంగితే పరిశోధన మానేస్తానంది.

మా పొయ్యి మీద కాలిన అట్లపెనం దాని మీద పెట్టింది. పెనం తీస్తే పైన నల్లబడింది గానీ దిమ్మ కుంగలేదు.

"అడుగు సల్లగుంది, ముట్టుకో పెద్దమ్మా," అని మా ఆవిడని పిలిచింది.

"ఓలమ్మో, పిక్క నూనె! సేతులు బొబ్బలెక్కిపోవూ?"

"దిమ్మయ్యాక నూనె గుణం మారిపోనాదే."

మా ఆవిడ వినలేదు. పిక్కలు కొట్టే ముందులాగే చేతులకి బూడిద రాసుకొచ్చింది. లక్ష్మి నవ్వలేదు, తనూ రాసుకుంది. ఇద్దరూ కలిసి ముట్టుకున్నారు.

బయల్దేరుతూ "పెదనాన్నా, ఇంకో డబ్బా నూనె ఇప్పిత్తావేటి?" అంది. తలాడించాను. భేషమ్మా అనాలనుకున్నాను, డబ్బా వెతకడానికి లేచాను...