దారి చెప్పిన పెట్టె

అన్నయ్యకు,

నీ ఓడ ఏ రేవులో ఉన్నా ఈ ఉత్తరం చేరేసరికి నువ్వు ఆరోగ్యంగా ఉండాలి. ఇక్కడ అందరం కులాసా. అలవాటుగా రాసిన మాట కాదిది, ఈరోజు నిజంగానే కులాసా.

అమ్మ మోకాళ్ల సంగతి అడిగావు. కొంచెం నయం. మెట్లను మాత్రం ఇప్పటికీ తిట్టుకుంటూనే ఎక్కుతోంది. ఇక మీ ఓడలో కంప్యూటర్ల విషయం. ప్రాక్సీ అమరికలను దానంతటదే కనుక్కోమనే చోట టిక్కు ఉంచాలా, తీసేయాలా అన్నావు కదా. తీసేయ్. ఎందుకో చెప్తాను, ఓపిగ్గా చదువు.

మా ఆసుపత్రిలో ఏ కంప్యూటరూ నేరుగా ఇంటర్నెట్‌లోకి వెళ్లదు. ప్రాక్సీ అనే యంత్రం గుండా వెళ్తుంది. ఆ టిక్కు ఉంటే, "బయటికి దారెటు?" అని కంప్యూటరే నెట్‌వర్క్‌లో అడుగుతుంది. ఎవరు జవాబిస్తే వాళ్లను నమ్మేస్తుంది. నువ్వెవరని కూడా అడగదు.

పోయిన నెల ఒక మధ్యాహ్నం స్కానింగ్ గది నుంచి మా కంప్యూటర్ విభాగానికి ఫోన్. పక్షవాతంతో వచ్చిన ఒక పెద్దాయనకు తల స్కాన్ తీశారు. వేరే ఊళ్లోని మెదడు డాక్టరు ఆ బొమ్మలు చూసి సరేనంటేనే గడ్డ కరిగే ఇంజెక్షన్ ఇస్తారు. ఆలస్యమైతే ఆ మందు వేసీ లాభం లేదు. బొమ్మలేమో కదలడం లేదు.

"సగం వెళ్లి ఆగిపోతోంది మేడమ్," అన్నాడు టెక్నీషియన్.

"మిగతా గదుల్లో?"

"అన్నిచోట్లా ఇంతేనట."

చూస్తే కంప్యూటర్లన్నీ మా ప్రాక్సీని వదిలేసి ఏదో తెలియని చిరునామాకు పరుగెడుతున్నాయి. వైరు పట్టుకుని వెతుక్కుంటూ వెళ్తే, సందర్శకుల హాల్లో టీవీ వెనక అరచేతంత పెట్టె కనిపించింది. పొద్దున్నే కాంట్రాక్టరు మనిషి బిగించాడట, అదీ సిబ్బంది కంప్యూటర్లుండే లైనుకి. దారెటని ఎవరడిగినా "నావైపు రండి" అంటోంది. పాపం, దానికి దురుద్దేశమేమీ లేదు. తయారుచేసినవాళ్లే అలా అమర్చారు. ఆసుపత్రి మొత్తం వచ్చి మీద పడేసరికి ఉక్కిరిబిక్కిరైంది.

వైరు పీకేశాను. అయినా స్కానింగ్ కంప్యూటర్ పాత జవాబే పట్టుకుని మొండికేసింది. ఆ గదికి పరుగెత్తాను. అక్కడికి వెళ్లాకగానీ స్ట్రెచర్ మీద ఎవరున్నారో చూడలేదు అన్నయ్యా. నాన్న. పక్కన అమ్మ.

ముందే రాస్తే మిగతాది చదవకుండానే బ్యాగు సర్దుకుంటావని దాచాను. ఓడకు కబురు పెడదామంటే అమ్మే వద్దంది. "నీళ్ల మధ్య వాడేం చేస్తాడే, గుండె పట్టుకుని కూర్చోవడం తప్ప."

టిక్కు తీసేసి, అసలు ప్రాక్సీ చిరునామా చేత్తో కొట్టాను. తప్పు పడింది. "మెల్లగా కొట్టండి మేడమ్," అన్నాడు టెక్నీషియన్. మళ్లీ కొట్టాను. బొమ్మలు కదిలాయి.

ఇంజెక్షన్ వేళకు పడింది. ఇప్పుడు ఆసుపత్రిలో ఏ కంప్యూటర్‌లోనూ ఆ టిక్కు లేదు. నాన్న లేచి నడుస్తున్నారు. కుడిచెయ్యి ఇంకా బరువే, గ్లాసు ఎడమచేత్తో పట్టుకుంటున్నారు. భయం లేదని డాక్టరు అన్నారు కాబట్టి డ్యూటీ పూర్తి చేసుకునే రా.

నాన్నకు మనుషులందరూ గుర్తున్నారు కానీ పిలుపులే తారుమారవుతున్నాయి. నిన్ను పిలిచినట్టు నన్ను "పెద్దోడా" అంటున్నారు. అమ్మ సరిదిద్దబోతే "ఉండనీ" అన్నాను. నిన్న నేను డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే, కిటికీ పక్కనుంచి తల తిప్పి, "పెద్దోడా, వచ్చావా?" అన్నారు.

"వచ్చాను నాన్నా," అన్నాను.

ఇట్లు,
నీ చెల్లి