ఆయన ఎడమచేతి చిటికెన వేలు

సైన్యంలో లారీలు బాగుచేసి, రిటైరై, రెండేళ్ల కిందట కన్నుమూసిన మెకానిక్ గారి భార్యనైన నేను, డెబ్బై ఆరేళ్ల వయసులో, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ బుజ్జగింపూ లేకుండా నా ముగ్గురు పిల్లలకు వ్రాసి ఇస్తున్న వీలునామా ఏమనగా: మోకాళ్లు మొరాయిస్తున్నాయి గాని బుర్రకు ఢోకా లేదు. అనుమానమున్నవారు మా డాక్టరును అడగవచ్చు. మొన్న ఆయన కళ్లజోడు ఎక్కడ పెట్టి మరిచిపోయారో చెప్పింది నేనే.

1. దీనికి అమలుకర్తగా మావారితో సైన్యంలో పనిచేసిన, ఇప్పుడు గడియారాలు బాగుచేస్తున్న మిత్రుణ్ణి నియమిస్తున్నాను. ఆయనకు ఓపిక ఎక్కువ. మీతో అది అవసరపడుతుంది.

2. మావారి పనిముట్ల పెట్టె, వెనక రేకుల షెడ్డులోని సామానుతో సహా, సర్వహక్కులతో నా కూతురికి చెందవలెను. పెద్దవాడు మొహం ముడుచుకోనక్కర్లేదు. మేకు కొట్టమంటే గోడ పెచ్చులు ఊడగొట్టే రకం వాడు. వాడికి పతకమూ, గడ్డం గీసుకునే సామానూ. చలికోటు చిన్నవాడికి. భుజాలు వదులైతే బిగించుకో, చేతులు మాత్రం కత్తిరించకు.

3. నా ఇస్త్రీ పెట్టెను ఆడపడుచుకు ఇస్తున్నాను. ఒక్క పూటకని పట్టుకెళ్లి ఇంతవరకూ తిరిగివ్వలేదు కాబట్టి కొత్తగా అప్పగించే పని లేదు. ఇకనైనా నన్ను చూసి వీధి మలుపు తిరిగిపోవడం మానుకోవాలని మనవి.

4. ఇక అసలు సంగతి. మావారి ఎడమచేతికి చిటికెన వేలు లేదు. మిగిలిన వేళ్లతోనే కూతురికి నాకంటే బిగువుగా జడలు వేశారు, పసిపిల్లల గుడ్డలు ఉతికారు, నాకు జ్వరమొస్తే జావ కాచి తాగించారు. అంత మంచి మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆయన పోయాక మాజీ సైనికుల హాల్లో ఫొటో పెడతాం, కింద రెండు ముక్కలు రాసివ్వండి అని అక్కడివాళ్లు అడిగారు. పెద్దవాడు శత్రువు తూటాకు వేలు పోయిందని రాశాడు. కూతురు "అబద్ధం! ఇంజను ఆపకుండా చెయ్యి పెట్టానని నాన్నే నాతో చెప్పాడు" అంది. చిన్నవాడు "లారీ తలుపులో పడి నలిగింది. మీ ఇద్దరికీ నాన్న సంగతే తెలీదు" అన్నాడు. ఆ రోజు నుంచి ఒకరి గడప ఒకరు తొక్కడం లేదు. ఫొటో కింద జాగా ఖాళీగానే ఉంది.

5. నిజమేమిటో నాకూ తెలియదు. పెళ్లైన కొత్తలో అడిగితే "ఉన్న తొమ్మిదింటి సంగతి చూడవోయ్" అన్నారు. అమలుకర్త గారిని అడిగాను. "నాకూ ఒకటి చెప్పాడు వదినా, అది వీటిలో ఏదీ కాదు" అని పకపకా నవ్వారు. ఆయన్ను నవ్వనిచ్చి, మావారు ఏ కథ ఎప్పుడు చెప్పారా అని ఆరా తీయడం మొదలుపెట్టాను. పెద్దవాడికి, వాడి ఆపరేషనుకు ముందు రోజు చెప్పారు. కాళ్లు వణుకుతున్నా పరిగెత్తాను అన్నారట. కూతురికి, కొత్త ఉద్యోగంలో మిషను పాడుచేసి వచ్చి గదిలో గడియ పెట్టుకున్న రోజు. నా తొందరపాటే, అయినా మర్నాడు పనికి వెళ్లాను అన్నారట. ఎవరికి కావలసిన కథ వాళ్లకు చెప్పారన్నమాట.

6. కాబట్టి నా స్వార్జితమైన ఈ ఇల్లు ముగ్గురికీ సమానంగా చెందవలెను, ఒక్క షరతు మీద. ముగ్గురూ ముందు గదిలో కూర్చుని, ఒకరి కథ ఇంకొకరు పొల్లుపోకుండా చెప్పాలి. ఎవరి కథ వాళ్లు చెప్పుకుంటే చెల్లదు. అడిగి తెలుసుకోకుండా చెప్పలేరు, అందుకే ఈ షరతు. అంతవరకూ తాళంచెవి అమలుకర్త దగ్గరే ఉంటుంది.

7. వీలునామా నా తదనంతరమే అమల్లోకి వచ్చినా, షరతుకు అంతదాకా ఆగనక్కర్లేదు. ప్రతులు ముగ్గురికీ ఈ రోజే పోస్టు చేయిస్తున్నాను. ఆదివారం మధ్యాహ్నం రండి. నేనూ వినాలి, ముఖ్యంగా చిన్నవాడి కథ. లారీ తలుపులో వేలు నలిగినప్పుడు అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాను, ఎవరూ నవ్వలేదు అని చెప్పారట వాడితో. ఎప్పుడురా అంటే వాడు మాట మార్చేశాడు. అలాంటి కథ ఒక పిల్లవాడికి ఎందుకు చెప్పాల్సి వచ్చిందో ఎంత తలబద్దలు కొట్టుకున్నా నాకు అంతుబట్టలేదు. ఒకే ఇంట్లో ఉన్నాను, వాడు తిన్న కంచం రోజూ కడిగాను, నాకు తెలియలేదు. ఇల్లు ఎవరికైనా పోనీ. ఆ రోజు నీకేమైందిరా నాన్నా?

తేదీ: 11-02-2025, మంగళవారం

(సంతకం)
మీ అమ్మ

సాక్షులు:
1. ఎదురింటి టైలరు
2. మందుల షాపు అమ్మాయి